సగం మెరిసిన ట్రైలర్

శుక్రవారం పొద్దున ఆర్డిత్ బ్రెన్నెమన్ తన మొగుడికి ఒకే ఒక్క పని అప్పగించి, జుట్టు చేయించుకోవడానికి ఊళ్ళోకి బయల్దేరింది. ఆ పని కూర్చోవడం.

"ఇదిగో కుర్చీ, ఇదిగో కాఫీ. నేనొచ్చేదాకా ఇందులోంచి లేవకు. ఏదీ బాగుచెయ్యకు. ఏదీ ముట్టుకోకు," అంది.

"నేనేం ముట్టుకుంటాను?" అన్నాడు లోవెల్ నొచ్చుకుంటూ.

"పోయినేడాది కుళాయి కారుతోందని ముట్టుకున్నావు. ఆ తర్వాత పక్కవాళ్ళ బకెట్‌తో స్నానాలు చేశాం."

పికప్ ట్రక్కు వెళ్ళిపోయింది. లోవెల్ బతుకంతా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. కూర్చోవడం అతనికి బాగానే వచ్చు. కూర్చోనిచ్చే మనుషులు చుట్టూ ఉండాలి గానీ.

మర్నాడు ఊరేగింపు. ఏటా జూన్‌లో మా ఇండియానా పాత ట్రైలర్లవాళ్ళమంతా, ట్రక్కుకి తగిలించి లాక్కెళ్ళే అల్యూమినియం ఇళ్ళతో, ఆ ఊరి సంత మైదానంలో దిగుతాం. శనివారం పొద్దున బండ్లన్నీ బారుకట్టి పెద్దవీధిలో నడిపిస్తాం. అందరికన్నా ముందు నడిచే బండికి రెండు షరతులున్నాయి. కొత్తలో కొన్న కుటుంబం చేతిలోనే ఇంకా ఉండాలి. వయసు దాని ఒంటిమీద కనిపించాలి. ఆర్డిత్ ట్రైలర్‌ని కొత్తలో కొన్నది వాళ్ళమ్మ లియోటా. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ప్రతి ఊరేగింపులోనూ ఎవరిదో ఒకరి బండి వెనకభాగం చూస్తూనే నడిపింది, అలా చూస్తూనే పోయింది. ఈ ఏడాది ముందు స్థానం ఆర్డిత్‌దేనని కమిటీ కబురు పంపినప్పుడు ఆమె వంటగదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చి వచ్చింది. జుట్టు చేయించుకోవడం అందుకే.

లోవెల్ సగం కాఫీ తాగేసరికి తల పైకెత్తి చూశాడు. అదే పొరపాటు. ట్రైలర్ నిలిపింది మల్బరీ చెట్టు కింద. పళ్ళు తిన్న పిట్టలు ఊరుకుంటాయా? తలుపుకి కాస్త అవతల, ఒళ్ళు గుండ్రంగా వెనక్కి తిరిగే మూల దగ్గర, బిస్కట్టంత ఊదారంగు మరక కనిపించింది.

తడిగుడ్డతో తుడిచాడు. పైన ఉన్నది పోయింది, నీడ మిగిలింది. ఇంకొంచెం తుడిచాడు. ఆ నీడ కదల్లేదు. గుడ్డ జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చి కూర్చుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ పక్క ట్రైలర్ డోయల్ కెసింజర్‌ది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మావాళ్ళలో రెండు మతాలున్నాయి: రుద్దేవాళ్ళు, రుద్దనివాళ్ళు. రుద్దేవాళ్ళు అల్యూమినియాన్ని అద్దం చేసి, అందులో చూసుకుని గడ్డం గీసుకుంటారు. రుద్దనివాళ్ళు ఏళ్ళతరబడి దానిమీద పట్టిన మసకని తాతలనాటి ఆస్తిలా కాపాడుకుంటారు. రెండు మతాలవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని బంగాళాదుంప సలాడ్ తింటారు గానీ ఈ మాట మాత్రం ఎత్తరు. డోయల్ రుద్దేవాళ్ళలో పెద్దపూజారి. ఎదుటివాడి బండిమీద మచ్చ కనిపిస్తే చాలు, పెళ్ళిపిలుపు అందినట్టే వచ్చేస్తాడు.

"మరకా?" అన్నాడు.

"కాదు."

"కనిపిస్తూనే ఉంది కదయ్యా."

"పిట్టలే. వానొస్తే పోతుంది."

"మల్బరీ అది. వానకి పోదు, దేవుడొచ్చినా పోదు. రేపు ఊరు ఊరంతా చూస్తుంది. ఆర్డిత్‌కి తల కొట్టేసినట్టుంటుంది. చూడు, చిటికెనవేలి గోరంత పాలిష్ ఇస్తాను. ఇలా రుద్దు, అలా తుడువు. బండికి తెలీను కూడా తెలీదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. సలహా ఇచ్చినవాడి సొమ్మేం పోయింది? రుద్దే చెయ్యి అతనిది కాదు, బండి అతనిది కాదు, రేపు నిలదీసే పెళ్ళాం అంతకన్నా కాదు. లోవెల్ గోరంత తీసుకున్నాడు.

అల్యూమినియం రుద్దితే ముందు నల్లటి మడ్డి వస్తుంది. డోయల్ ఇచ్చిన గుడ్డతో ఆ మడ్డి తుడిచేసరికి, దాని కింద అరచేతంత అద్దం తేలింది. ఆ అద్దంలో ఒక కన్ను బెదురుగా చూస్తోంది. అది లోవెల్‌దే.

"మరక పోయిందా లేదా?" అన్నాడు డోయల్ గర్వంగా.

"మరక పోయింది. కన్ను వచ్చింది."

ఏనుగు ఒంటిరంగు ట్రైలర్ మీద ఆ ముక్క ఒక్కటీ కిటికీ తెరిచినట్టు మెరుస్తోంది. బిస్కట్టంత మరకని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. దీన్ని పట్టించుకోకుండా గుడ్డివాడు కూడా నడవలేడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా?

"కంగారుపడకు. అంచులు కలిపెయ్యి. కొంచెం కొంచెంగా అటూ ఇటూ రుద్దితే మసకలో కలిసిపోతుంది," అన్నాడు డోయల్.

కలపగా కలపగా అరచెయ్యి కాస్తా పళ్ళెమైంది. పళ్ళెం కాస్తా తలుపంత అయింది. "పోనీ రేకుల్ని కలిపే ఈ రివెట్ల వరస దాకా వెళ్ళి ఆగిపో. కావాలని ఆపినట్టుంటుంది," అన్నాడు డోయల్. రివెట్ల దాకా వెళ్ళారు. అప్పుడు దాని పక్క రేకు అంతకుముందెన్నడూ లేనంత అసహ్యంగా కనిపించింది. రుద్దేవాళ్ళ మతమంతా అలాగే పుట్టిందని నా అనుమానం. ఎవరూ కావాలని మొదలుపెట్టి ఉండరు. ఒక మూల రుద్ది, ఆగలేక అందులో పడి ఉంటారు.

ఈలోగా డోయల్ భార్య నాడీన్ తెల్లచొక్కా వేసుకుని వచ్చి, నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"గుడ్డతో ఎంత తుడిచినా ఆ మడ్డి చారలు పోవు లోవెల్. పిండి చల్లి తుడవాలి. మామూలు గోధుమపిండే. అది మొత్తం లాగేస్తుంది."

"మీ దగ్గరుందా?"

"నాకు పిండి పడదుగా. మీ ఇంట్లో ఉంటుంది చూడు."

ఉంది. సాయంత్రం అందరి భోజనాలకీ, పిండి ముద్దలో పళ్ళు పెట్టి కాల్చే స్ట్రాబెర్రీ పై చేస్తానని ఆర్డిత్ దాచిన పిండి అది. లోవెల్‌కి ఆ సంగతి తెలుసు. ఒక్క గుప్పెడే అనుకుని డబ్బా బయటికి తెచ్చాడు. డోయల్ ఒక గుప్పెడు, నాడీన్ ఒక గుప్పెడు, దారినపోయేవాళ్ళు తలా ఒక గుప్పెడు తీశారు. పని మాత్రం చేసింది, ఒప్పుకోవాలి. చారలు పోయాయి. డబ్బా కూడా ఖాళీ అయింది.

"చేత్తో అయితే క్రిస్మస్‌కి అవుతుంది," అని డోయల్ తన రుద్దుడు మిషను తెచ్చాడు. గుండ్రంగా తిరిగే మెత్త ఉన్న మిషను. కరెంటు స్తంభానికి తగిలించాడు. ఆ వరసలో ఉన్న ట్రైలర్లన్నీ ఆ ఒక్క స్తంభం మీదే బతుకుతున్నాయి. జూన్ ఎండకి ప్రతి బండిలోనూ ఏసీ నడుస్తోంది. సాయంత్రం విందుకి ప్రతి బల్లమీదా చిక్కుడు గింజలు కరెంటు కుండల్లో ఉడుకుతున్నాయి. మిషను ఒక్క కేక పెట్టింది, నాడీన్ తెల్లచొక్కా మీద నల్లచుక్కలు జల్లింది, ఆగిపోయింది. దాంతోపాటు వరస మొత్తం ఆగిపోయింది.

తలుపులు తెరుచుకున్నాయి. ఒకాయన లుంగీలా చుట్టిన తువ్వాలుతో, ఒకావిడ చేతిలో గరిటెతో, అందరూ మండిపడుతూ వచ్చారు.

"ఎవడయ్యా కరెంటు పీకింది? నా గింజలు పచ్చిగా ఉన్నాయి."

"నా కుక్కకి ఆయాసం."

వచ్చినవాళ్ళు ట్రైలర్‌ని చూశారు. అంతే, గింజలూ కుక్కా మరిచిపోయారు. కోపంతో వచ్చినవాళ్ళంతా సలహాలకి దిగారు. గుండ్రంగా రుద్దాలని ఒకరు, నిలువుగా రుద్దాలని ఒకరు, ఇలా బట్టబయలుగా వదిలేస్తే మంచుకి మచ్చలు పడతాయి కాబట్టి వెంటనే మైనం పట్టించాలని ఇంకొకరు. రుద్దేవాళ్ళలో ఐదారుగురు మాట్లాడకుండా గుడ్డలు తీసుకుని పనిలోకి దిగిపోయారు, వాళ్ళని ఎవరూ పిలవలేదు. డోయల్ తన జనరేటర్ తెచ్చాడు. రుద్దనివాళ్ళు దూరంగా నిలబడి, చావింట్లో నిలబడినట్టు తలలు ఊపారు.

"అయ్యా, ఆపండి. ఇక చాలు," అంటూ లోవెల్ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పరిగెత్తాడు. ఎవరు వింటారు? బండి అతనిదే, అయినా అతని మాట తప్ప అక్కడ అందరి మాటా చెల్లింది. మధ్యాహ్నానికి తలుపు వైపు మొత్తం, వెనక గుండ్రటి భాగం మొత్తం అద్దమైపోయి, పైన మైనం కూడా పడింది. రెండోవైపు మాత్రం చెట్టుకి మరీ దగ్గరగా ఉండి మనిషి పట్టక, పాత మసకతోనే మిగిలింది.

కరెంటు పోయిందన్న ఫిర్యాదు మీద కమిటీ పెద్ద ఓర్ఫా టిప్టన్ వచ్చింది. ఆవిడ ఎక్కడికీ నడవదు, గోల్ఫ్ బండిలో వస్తుంది. దిగి, ట్రైలర్ ముందు నిలబడి, అందులో కనిపించిన తన టోపీని సరిచేసుకుంది. ఆ తర్వాతే కోపం తెచ్చుకుంది.

"రేపు ముందు నడవాల్సిన బండి ఇదేనా?"

ఇంతసేపు నోరు మూయనివాళ్ళందరికీ అప్పుడే నేలమీద ఏదో వింత కనిపించింది.

సరిగ్గా అప్పుడే ఆర్డిత్ వచ్చింది. ట్రక్కు దిగి, గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చి ఆగింది. వాళ్ళమ్మ ట్రైలర్ మీద, కొత్తగా చేయించిన జుట్టుతో, తలనుంచి కాళ్ళదాకా తనే కనిపించింది. జుట్టు బాగా కుదిరింది. ఆ సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"లోవెల్," అంది మెల్లగా.

"పిట్ట..." అన్నాడు లోవెల్.

"పిట్ట ఇంత పని చేసిందా?"

"మరక వేసింది. నేను కొంచెం... డోయల్ గోరంత ఇచ్చాడు."

"ఆ మసక మురికనుకున్నావా? అల్యూమినియం తనకి తాను కప్పుకున్న దుప్పటి అది. మా అమ్మ ప్రతి వసంతంలోనూ సబ్బునీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో కడిగింది. ఒక్కనాడు గీరలేదు. ఎండా వానా కలిసి ఇన్నేళ్ళు చేసినదాన్ని నువ్వు ఒక్కపూటలో వలిచేశావు. నేను నిన్ను కొండెక్కమన్నానా, సముద్రం ఈదమన్నానా? కూర్చోమన్నాను. పిల్లలకి కూడా వస్తుంది కూర్చోవడం."

లోవెల్ తల దించుకున్నాడు. నిజానికి ఆ తిట్లలో సగం డోయల్‌కి చెందాలి. డోయల్ ఆ సమయానికి జనరేటర్ వెనక ఏదో వెతుకుతున్నాడు.

"మొదట్లో కొత్తగా వచ్చినప్పుడు ఇది మెరిసే ఉంటుంది కదా. అసలు రూపమంటే ఇదే మరి," అని రుద్దేవాళ్ళలో ఒకాయన గొణిగాడు.

"పుట్టినప్పుడు నీకు పళ్ళు లేవు. పీకేసుకుంటావా అసలు రూపం కోసం?" అంది ఆర్డిత్ అటు తిరక్కుండానే.

ఓర్ఫా గొంతు సవరించుకుంది. "షరతు షరతేనమ్మా. వయసు కనిపించాలి."

"అటువైపు కనిపిస్తోంది, వెళ్ళి చూడండి."

"ముందు నడిచే బండిని జనం రెండువైపుల నుంచీ చూస్తారు. నువ్వు రెండో స్థానంలో నడువు. నాకూ బాధగానే ఉంది."

"మరి ముందెవరు?"

ఓర్ఫా కాస్త తటపటాయించి, తన బండి ఎలాగూ పాతరూపులోనే ఉందని, కమిటీ బలవంతం మీద ఆ భారం తనే మొయ్యక తప్పదని చెప్పింది. కమిటీ అంటే ఓర్ఫాయే. ఆ బలవంతం ఎప్పుడు జరిగిందో మాలో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం విందులో ఆర్డిత్ బల్లమీద ఉత్త స్ట్రాబెర్రీలు పెట్టింది. స్ట్రాబెర్రీ పై ఏదని నలుగురు అడిగారు. "పిండి ట్రైలర్‌కి పెట్టారు. వెళ్ళి దాన్ని నాకండి," అని నలుగురికీ ఒకే జవాబు చెప్పింది. అందరూ సగం ఉడికిన చిక్కుడు గింజలే నమిలారు.

శనివారం పొద్దున బండ్లన్నీ బారుతీరాయి. వెళ్ళాల్సింది పడమటికి, ఎండ వెనకనుంచి. ఓర్ఫా మొదట, ఆర్డిత్ రెండోది, ఆమె వెనక డోయల్. పట్టుమని పది గజాలు కదిలారో లేదో డోయల్ హారన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. ఆర్డిత్ ట్రక్కు ఆపి దిగింది.

"ఏమొచ్చింది?"

"నాకు రోడ్డు కనిపించట్లేదు. ఎండంతా నీ బండి వెనకనుంచి నా కళ్ళల్లోకి కొడుతోంది. ఇలా అయితే నేనెవర్నో గుద్దుతాను," అన్నాడు డోయల్ చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఆ వెనక రుద్దింది ఎవరు డోయల్?"

"పని బాగా కుదిరిందన్నది వేరే సంగతి ఆర్డిత్. కనిపించట్లేదన్నది వేరే సంగతి."

ఇంతకన్నా సిగ్గులేని మాట నేను నా జన్మలో వినలేదు. అయినా పోనీ అని ఆర్డిత్ పక్కకి తప్పుకుని, డోయల్‌ని ముందుకి పంపి, అతని వెనక చేరింది. ఇప్పుడు ఆమె వెనక ఉన్నాయన హారన్ కొట్టాడు. ఆయన్నీ ముందుకి పంపింది. ఆ వెనకావిడ కొట్టింది. నిన్న గుడ్డ పట్టుకుని, పిలవకుండా వచ్చి మైనం రాసినవాళ్ళంతా ఇవాళ ఒకరి తర్వాత ఒకరు కళ్ళు మూసుకుని, ఆమె వెనక నడవలేమంటూ ముందుకి పోయారు. ప్రతి బండీ దాటిపోతుంటే ఆర్డిత్ దవడ ఇంకాస్త బిగుసుకుంది. చివరికి ఆమె వెనక ఎవరూ మిగల్లేదు.

"అమ్మ కనీసం మధ్యలో ఉండేది," అంది స్టీరింగ్ పట్టుకుని.

లోవెల్ తన మోకాళ్ళవైపు చూసుకున్నాడు. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. మాట్లాడొద్దని ఆమె ముందే చెప్పింది కాబట్టి మింగేశాడు. బతుకులో మొదటిసారి చెప్పిన మాట విన్నాడు, అది కూడా వినకూడనప్పుడు.

ఊరేగింపు పెద్దవీధి పొడుగునా సాగింది. జనం కాగితపు జెండాలు ఊపారు. చివరి బండి వచ్చేసరికి సగంమంది జెండాలు దించేసి ఐస్‌క్రీమ్ దుకాణం వైపు తిరిగారు. వీధి చివర రైలుకట్ట ఉంది. అది దాటి అవతల చుట్టూ తిరిగి మైదానానికి రావాలని ఓర్ఫా ఏర్పాటు. ఓర్ఫా గేటు దగ్గరికి చేరేసరికి గేటు పడింది. మొక్కజొన్న మోసే గూడ్సు రైలొకటి నెమ్మదిగా వచ్చి, సరిగ్గా రోడ్డుకి అడ్డంగా ఆగింది. ఆగి, అక్కడే ఉంది.

కాసేపు చూశారు. ఇంకాసేపు చూశారు. ఇంజను అవతలెక్కడో చెడిపోయిందని ఊరి పోలీసాయన వచ్చి చెప్పాడు. అది కదిలేది సాయంత్రానికే అన్నాడు. ఓర్ఫా గోల్ఫ్ బండి కూడా లేని మనిషై, ఎండలో నిలబడి రైలుని తిట్టింది. రైలు చెవినేసుకోలేదు.

ఆ రోడ్డు ఇరుకు. ట్రైలర్ తగిలించిన బండి అక్కడ వెనక్కి తిరగదు. తిరగడానికి చోటున్నది ఒక్కచోటే, ధాన్యం గిడ్డంగి పెరట్లో. ఆ పెరటి గేటు వరస చిట్టచివర, ఆర్డిత్ ట్రక్కు పక్కనే ఉంది.

పోలీసాయన వచ్చి ఆమె కిటికీ తట్టాడు. "అమ్మా, మీరు ఈ పెరట్లోకి వెళ్ళి తిరిగి బయటికి రండి. మీరు కదిలితేనే మీ ముందువాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగి తిరగగలరు. మీరే ముందు."

"ఏమన్నారు?" అంది ఆర్డిత్.

"మీరే ముందు అన్నాను."

ఆమె పెరట్లోకి వెళ్ళింది, పెద్ద చుట్టు తిరిగింది, రోడ్డెక్కింది. మిగతావాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వెనక్కి జరిగి, తిరిగి, ఆమె వెనక చేరారు. ఇప్పుడు ఎండ ఎదురుగా ఉంది కాబట్టి ఆమె వెనకనుంచి ఎవరి కళ్ళలోకీ కొట్టడం లేదు, హారన్ కొట్టడానికి డోయల్‌కి ఏ సాకూ దొరకలేదు. అందరికన్నా వెనక, అందరి దుమ్మూ తింటూ, ఓర్ఫా.

బండి వెనక్కి తిరగడంతో దాని మెరిసే వైపు వీధిలో ఉత్తరం నుంచి దక్షిణానికి మారింది. దక్షిణపు వైపు నిలబడ్డ జనం అంతకుముందు చివర్న పోయిన మసక బండిని చూశారు. ఇప్పుడు అద్దంలాంటి బండి ఎండకి భగభగమంటూ ముందు వస్తుంటే కొత్తదనుకున్నారు. దాచిపెట్టి ఇప్పుడు తెచ్చారని చప్పట్లు కొట్టారు. ఉత్తరపు వైపువాళ్ళు అంతకుముందు చూసింది మెరిసే బండిని. ఇప్పుడు ఇంత పాతది, ఇంత నిండుగా వయసున్నది ముందు నడవడం చూసి ముసలివాళ్ళు కొందరు టోపీలు తీశారు. బండి పోయాక రెండువైపులవాళ్ళూ ముందు వచ్చింది కొత్తదా పాతదా అని నడివీధిలో వాదించుకున్నారు.

ఆర్డిత్‌కి ఇవేవీ వినపడలేదు. ఆమె ముందు రోడ్డు ఉంది. ఎవరి వెనకభాగమూ లేదు, ఏ బంపరూ లేదు. మధ్యలో పసుపు గీత మాత్రం చివరిదాకా కనిపిస్తోంది. కళ్ళు నిండి, కారి, మొహానికి రాసుకున్న రంగులన్నీ పాడయ్యాయి.

"ఎండ కొడుతోంది. నల్ల కళ్ళద్దాలు ఇవ్వనా?" అన్నాడు లోవెల్ ఉండబట్టలేక.

"ముయ్యి లోవెల్. చూడనీ," అంది. కానీ ఆ మాట కోపంగా అనలేదు. మైదానం వచ్చేదాకా అతని చెయ్యి పట్టుకునే నడిపింది.

మైదానంలో ఓర్ఫా ఆఖరున దిగి, టోపీ దులుపుకుంటూ నేరుగా ఆర్డిత్ దగ్గరికి వచ్చింది. "షరతు చెప్పాను. ఆ బండితో నువ్వు ముందు నడవకూడదన్నాను. ఊరంతా చూస్తుండగా నడిచావు."

"నేను ముందుకి రాలేదు ఓర్ఫా గారూ. మీరంతా కలిసి నన్ను ఎక్కడికి నెట్టారో అక్కడే, చిట్టచివరే ఉన్నాను. ఊరేగింపే వెనక్కి తిరిగింది."

డోయల్ పక్కనుంచి, రెండోవైపు కూడా రుద్దేస్తే ఒక పనైపోతుందని అన్నాడు. ఆర్డిత్ అతనివైపు ఒక్క చూపు చూసింది. అతను ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుని మూడో షరతు చేర్చింది: ఇకమీదట రైలు అడ్డొచ్చినా సరే, ఊరేగింపు వెనక్కి తిరగరాదు.